ఇరవై సెకన్లకో హారతి

ఆదోనిలో ఒక కల్యాణ మండపం ఉంది. పేరు చెప్పను. చెబితే అక్కడి వాచ్‌మన్ నన్ను వెతుక్కుంటూ వస్తాడు. ఆ మండపంలో మూడు వందల మంది భక్తుల మోకాళ్ళను ఒక్క సాయంత్రంలో అరగదీసిన మహానుభావుణ్ణి నేనే. ఆ పని నేను ఏదో కోపంతోనో కుట్రతోనో చేయలేదు. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పూర్తి భక్తితో చేశాను. ఆ రోజు నాలో భక్తి కాస్త తక్కువగా ఉండి ఉంటే ఇంత విధ్వంసం జరిగేది కాదని ఇప్పటికీ నా గట్టి నమ్మకం.

ఇది జరిగి రెండేళ్ళే అయింది. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. అయినా ఆనాటి ఈరన్నను తలుచుకుంటే, పాలపళ్ళు కూడా ఊడని పిల్లవాణ్ణి చూసినట్లు జాలేస్తుంది.

మాది ఎమ్మిగనూరు, మగ్గం పని. పగలు మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు, సాయంత్రం తాళాల చప్పుడు వింటూ పెరిగాను. నాకు నామం నేర్పింది హుసేనప్ప తాత. ఆయనా నేతగాడే, మా భజన సమాజానికి గురువు. అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నోట్లో పళ్ళు ఆరు మిగిలాయి, గొంతు మాత్రం మొత్తం మిగిలింది. పురాణం చదివించి, ఆగిన చోటల్లా అర్థం చెప్పి, తప్పు పాడితే తాళంతో మోకాలి మీద కొట్టి నన్ను ఇంతవాణ్ణి చేశాడు.

ఆ గొంతు ఒకప్పుడు పోయింది. ఆరు నెలలు తాతకు మాట లేదు. తిరిగి వచ్చిన రోజున ఆయన మొక్కుకున్నాడు. పన్నెండేళ్ళపాటు, ఏడాదికి ఒక్క రోజు, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు మునిగేదాకా గోవింద నామం ఆగకుండా నడపాలి. ఒక జట్టు నోట్లోంచి ఇంకో జట్టు అందుకోవాలే తప్ప మధ్యలో నామం నేలబడకూడదు. పొద్దు మునగక ముందు మంగళం పాడకూడదు. రెండింట్లో ఏది జరిగినా మళ్ళీ మొదటి ఏటి నుంచి పన్నెండేళ్ళు నడపాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషికి మళ్ళీ పన్నెండేళ్ళంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

పదకొండేళ్ళు గడిచాయి. పన్నెండోది ఆదోనిలో పెట్టుకున్నాం. ఆస్పరి నుంచి, హాలహర్వి నుంచి కూడా జట్లు వస్తామన్నాయి, మా మందిరంలో అంతమంది పట్టరు.

ఇందులో భయమంతా ఆఖరి గంటతోనే. పొద్దుటి నుంచి పాడి, మధ్యాహ్నం అన్నం తిని, ఐదు గంటలయ్యేసరికి తలలు ఒక్కొక్కటే వాలిపోతాయి. పదకొండో ఏట ఒక దశలో నామం రెండే నోళ్ళలో మిగిలింది. ఒకటి తాతది, రెండోది నాది. నాది కూడా ఆవలింతల మధ్య వస్తోంది. అందుకే ఈసారి నేను ముందుగానే తాత దగ్గరికి ఒక ఉపాయంతో వెళ్ళాను.

"తాతా, ఆఖరి గంటలో గోడంత తెర మీద బొమ్మలాడిస్తే ఒక్కరు గూడా కునుకు తీయరు."

"సినిమానారా?"

"సినిమా గాదు తాతా. నామానికి తగ్గట్ల బొమ్మలు తిరుగుతాంటాయి. వాటికి మొదలుండదు, తుద ఉండదు."

"మొదలు తుద లేనోడు ఒగడే ఉండాడు. ఆయప్పను నువ్వు కంప్యూటర్లో పెట్టినావా?"

"ఆయప్ప దయతోనే పెడతాండాను తాతా."

తాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "సరే, పెట్టు. నామం నేలబడితే మాత్రం, ఇంగో పన్నెండేండ్లు నాకాడ లేవురా ఈరా" అన్నాడు. ఆ మాటతో నా భుజం మీద ఎంత బరువు పెట్టాడో అప్పుడు నాకు తెలియలేదు. భుజం తట్టాడనే అనుకున్నాను.

ఆ తెరను ఆడించే మనిషి నాగవేణి. ఆదోని పిల్ల. పెళ్ళి రిసెప్షన్లలో వీజే. డోలు వాయించేవాడు కర్రలతో వాయిస్తే ఈమె బొమ్మలతో వాయిస్తుంది. ముందు ఒక పెట్టె, దాని మీద వెలిగే మీటలు. ఒక్కో మీట కింద ఒక్కో లూపు. దరువు ఎక్కడ పడితే వేలు అక్కడ పడుతుంది, అక్కడే తెర మీద లోకం మారిపోతుంది. మా నాయన మగ్గంలో పేక వేసేటప్పుడు చేతులు కదిలినట్లు ఆమె వేళ్ళు కదులుతాయి. చూస్తూ కూర్చుంటే కడుపు నిండుతుంది.

లూపు అంటే ఏమిటో నేతగాడికి ఒక్క మాటలో చెప్పవచ్చు. మా జాకార్డు మగ్గానికి చిల్లుల అట్టలుంటాయి. వాటిని వరసగా కుట్టి, ఆఖరి అట్టను మొదటి అట్టకు కుట్టేస్తాం. ఆ దండ తిరుగుతున్నంతసేపు అంచులో అదే పువ్వు మళ్ళీ మళ్ళీ పూస్తూ ఉంటుంది. బొమ్మలకూ అదే పద్ధతి.

"అన్నా, నాకు దరువు తెలుసు, దేవుడు తెల్దు. నీకు దేవుడు తెలుసు, దరువు తెల్దు" అంది నాగవేణి. "నువ్వు లూపులు జేసియ్యి, నేను ఆడిస్తా. ఇద్దరం గలిస్తే ఒగ మనిషి పనైతాది."

అలా నేను ఏఐతో లూపులు చేయడానికి కూర్చున్నాను. ఏం కావాలో మాటల్లో రాస్తే చాలు, బొమ్మ పుడుతుంది. పురాణంలో సృష్టి సంకల్పంతో జరిగిందని వినేవాణ్ణి గానీ నమ్మకం ఎక్కడో కొంచెం కుంటుతూ ఉండేది. బొటనవేలితో నేనే ఒక గోపురాన్ని పుట్టించాక ఆ కుంటు పోయింది. ఈ పాటి మనిషికే ఇది సాధ్యమైతే స్వామికి ఎంతసేపు? నిజంగా చెబుతున్నాను, ఆ వారం నేను చేసినన్ని నమస్కారాలు గుళ్ళో కూడా చేయలేదు.

అయితే నా అలవాట్లు నావి. ఏం రాసినా పైన శ్రీకారం చుట్టకుండా మొదలుపెట్టను. యంత్రానికి రాసిన ప్రతి ఆదేశం మీదా ఒక 'శ్రీ' పెట్టేవాణ్ణి. ఆ అక్షరం దానికి ఏమని అర్థమైందో తెలియదు గానీ, ప్రతి బొమ్మలోనూ ఒక మూల ఒక నత్త పాకుతూ కనిపించేది. నక్షత్రాల మధ్య నత్త. గోపురం మీద నత్త. రెండు రోజులు అది స్వామి లీలేమోనని దానికీ దండం పెట్టాను. మూడో రోజు నాగవేణి చూసి, "అన్నా, ఆ నత్త ఏంటికి?" అని అడిగింది. శ్రీకారం తీసేశాను. నత్త వెళ్ళిపోయింది. స్వామి చేతికి ఏడేసి వేళ్ళు రావడం మాత్రం ఆగలేదు. వేళ్ళు ఎక్కువైతే వరాలు ఎక్కువిస్తాడులే అని సర్దుకున్నాను.

మిగతావి మాత్రం అద్భుతంగా వచ్చాయి. వెయ్యేళ్ళ తరవాతి కాలంలో గాజు గోపురాలు ఆకాశంలో తేలుతున్నట్లు. చుక్కల మధ్య ఒక మగ్గం, దాని మీద వెలుగు దారాలు పడుగుగా పరచుకుని ఉన్నట్లు. గ్రహాలు తాళాల్లా ఒకదాన్నొకటి తాకుతున్నట్లు. ఒక్కొక్కటీ ఇరవై సెకన్లు, మొత్తం నలభై.

ఒక్కటే చిక్కు. అతుకు దగ్గర. బొమ్మ చివరికి వచ్చి మళ్ళీ మొదటికి పోయేటప్పుడు చిన్న ఎగురు ఎగిరేది.

"అన్నా, నీ గోపురం తుమ్ముతాంది" అంది నాగవేణి.

"తుమ్మడమేంది తల్లీ?"

"సూడు. ఇరవై లెక్కబెట్టు. ఇదో, తుమ్మె."

నిజంగానే తుమ్మింది. పడుగు అతికే ఇంట్లో పుట్టినవాణ్ణి, నా పనిలో అతుకు కనపడుతోందంటే నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పూజ చేస్తుండగా తట్టింది. ప్రతి లూపు చివరా ఒక హారతి పళ్ళెం పెట్టాను. అది మూడుసార్లు తిరుగుతుంది, కర్పూరం మంట పెద్దదవుతుంది, తెరంతా తెల్లటి వెలుగైపోతుంది, ఆ వెలుగులోంచి మొదటి బొమ్మ మళ్ళీ పుడుతుంది. బ్రహ్మదేవుడు వచ్చి భూతద్దం పెట్టి వెతికినా అతుకు దొరకదు.

"నలభైటికీ ఇదేనా అన్నా?"

"చీరకు కొంగు ఉండాల్నా వద్దా? ఇది నా కొంగు."

"సూసేటోల్లకు ఏమనిపియ్యదు గదా?"

"హారతి సూస్తే ఏమనిపిస్తాది తల్లీ, బక్తి అనిపిస్తాది."

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగి, మీ ఎదురుగా ఎవరైనా హారతి తిప్పితే మీరేం చేస్తారో ఆలోచించండి. మీకు వెంటనే తట్టింది. ముప్పై ఏళ్ళు భజనలో కూర్చున్న నాకు తట్టలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచి ఐదింటి దాకా నామం గోదారిలా నడిచింది. ఐదింటికి మండపంలో దీపాలు తగ్గించారు. తెర వెలిగింది. చుక్కల మధ్య మగ్గం కదిలింది, వెలుగు దారాలు పరచుకున్నాయి. ముందు వరసలో కునుకుతున్న ఆస్పరి గిడ్డవ్వ కళ్ళు తెరిచింది.

"అబ్బబ్బ, ఆకాశంలో మగ్గం పెట్టినారే. ఎవురప్పా నేసేది?"

నా గుండె ఇంత పొడుగైంది. మూడు వందల తలలు ఒక్కసారి నిటారుగా లేచాయి. గోవిందా అన్న మాట పైకప్పును తాకింది. నాగవేణి వేళ్ళు దరువు మీద నాట్యమాడుతున్నాయి. అప్పుడు పద్నాలుగో సెకను వచ్చింది.

ఇరవై అడుగుల హారతి పళ్ళెం తిరిగింది. మండపమంతా పసుపు వెలుగు. మూడు వందల మందీ లేచి నిలబడ్డారు. ఆరు వందల చేతులు ముందుకు చాచి కళ్ళకద్దుకున్నాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళు కూర్చున్నారు. ఇరవై సెకన్లు గడిచాయి. మళ్ళీ లేచారు. కళ్ళకద్దుకున్నారు. కూర్చున్నారు. ఇరవై సెకన్లు గడిచాయి.

ఐదోసారికి సగం మంది లేస్తుంటే సగం మంది కూర్చుంటున్నారు. మండపం మొత్తం పెద్ద కుండలో ఉడుకుతున్న ఉలవల్లా పైకీ కిందికీ ఎగురుతోంది. లేచేటప్పుడు నామం ఊపిరిలో కలిసిపోతోంది, కూర్చునేటప్పుడు మూలుగులో కలిసిపోతోంది.

నేను గిడ్డవ్వ దగ్గరికి పరిగెత్తాను. "అవ్వా, అది ఉత్త బొమ్మ. లేయాల్సిన పన్లేదు."

"హారతిని బొమ్మంటావా? యా ఊరప్పా నీది?"

"ఎమ్మిగనూరవ్వా."

"అట్లా సెప్పు" అని గిడ్డవ్వ నన్ను పట్టుకునే లేచి నిలబడింది. మా ఊరి మీద అప్పటిదాకా ఆమెకు ఏ అభిప్రాయముందో గానీ, ఆ క్షణంలో అది స్థిరపడిపోయింది.

నాగవేణి దగ్గరికి పరిగెత్తాను. "మార్చు తల్లీ, ఇంగోటి పెట్టు."

ఆమె మీట నొక్కింది. గాజు గోపురాలు తేలాయి. హారతి వచ్చింది. ఇంకోటి నొక్కింది. గ్రహాలు తాళం వేశాయి. హారతి వచ్చింది.

"హారతి లేనిది యాది అన్నా?"

"లేదు తల్లీ."

"నలభైలో ఒగటి గూడా లేదా?"

"బక్తి ఎక్కువైంది తల్లీ."

ఆమె పళ్ళు బిగించి తెర ఆపేసింది. సరిగ్గా పళ్ళెం రెండో చుట్టు తిరుగుతుండగా.

మా ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందని నోటితో కూడా అనరు, కొండెక్కింది అంటారు. అలాంటి చోట, మొక్కుబడి ఆఖరి గంటలో, సగం తిరిగిన హారతి మూడు వందల మంది కళ్ళ ముందు చీకటైపోయింది. నామం ఠక్కున సగానికి పడిపోయింది.

"హారతి మద్దెలో కొండెక్కిండాది" అని గిడ్డవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఈపొద్దు ఎవురికి ఏం గాబోతాదో."

"పెట్టు తల్లీ, మల్ల పెట్టు" అన్నాను.

"పెడితే లేస్తాండారు, తీస్తే ఏడుస్తాండారు. నన్నేం జేయమంటావన్నా?"

పెట్టింది. హారతి వచ్చింది. అందరూ లేచారు. ఇక అప్పుడు హాలహర్వి బసప్ప హార్మోనియం మీద మంగళం స్వరం పలికింది. నా ప్రాణం ఎగిరి ఆ పెట్టెలో పడింది. జనం మీదుగా దూకి ఆయన చేతులు పట్టుకున్నాను.

"బసప్పా, మంగళం వద్దు. పొద్దు ఇంగా మునగలేదు."

"ఏనప్పా నువ్వు, ఇన్ని హారతులిచ్చి మంగళం వద్దంటావు? హారతి కండ్లబడితే నా ఏళ్ళు వాటంతట అవే ఆడికి పోతాయి. నేనేం జేసేది?"

ఆ స్వరం వంటింటి దాకా వినపడింది. పక్క తలుపులోంచి వంటాయన విస్తర్ల కట్టతో తొంగిచూశాడు. "మంగళమైందా? ఇస్తర్లేద్దునా?" అన్నాడు. విస్తరి అన్న మాట వెనక వరసల్లో గాలిలా పాకింది. అక్కడివాళ్ళు లేచినవాళ్ళు లేచినట్లే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. కిటికీలోంచి ఎండ ఇంకా ఏటవాలుగా పడుతోంది. పొద్దు మునగడానికి అరగంట ఉంది. నామం మొత్తం ఒక్క నోట్లో మిగిలింది. ఆ నోట్లో ఆరు పళ్ళున్నాయి.

తాత నావైపు చూశాడు. ఏమీ అనలేదు. అనడానికి లేదు, నోరు నామంలో ఉంది. ఆపి నన్ను తిట్టినా నామం నేలబడుతుంది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే బాగుండేది. పన్నెండేళ్ళు చేత్తో పట్టుకున్న దారం తెగేలా ఉన్నప్పుడు నేతగాడు చూసే చూపు అది. నేను తల దించుకున్నాను.

అప్పుడు తాత కదిలాడు. ఒడిలోని భజన చెక్కలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తెర మీద మంట పైకి లేచింది. తాత కూడా "గోవిందా" అంటూ చెక్కలు మోగించి లేచి నిలిచాడు. మంట వెలుగులో కలిసిపోయింది. "గోవింద" అంటూ తాత మోకాళ్ళు వంచి కిందికి కూర్చున్నాడు. మళ్ళీ మంట. మళ్ళీ లేచాడు. చెక్కభజనలో కూర్చుని లేచే అడుగు అది. వయసులో ఉన్నప్పుడు ఆయన ఆ అడుగు వేస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేవారని విన్నాను గానీ కళ్ళతో చూడటం అదే మొదలు.

నోటితో ఒక్క మాట చెప్పలేదు. చెప్పకుండానే మండపానికి అర్థమైంది. అప్పటిదాకా వాళ్ళ మోకాళ్ళు చేస్తున్నది తప్పు కాదు, అడుగు.

ముందుగా ఆస్పరి జట్టు అందుకుంది. ఆ వెనక బసప్ప వేళ్ళు మంగళం నుంచి తప్పుకుని నామంలోకి వచ్చాయి. చెప్పులు చేత పట్టుకున్నవాళ్ళు వాటిని వదిలేసి చప్పట్లు కొట్టారు. వంటాయన విస్తర్ల కట్ట మీదే తాళం వేశాడు. గిడ్డవ్వ కూర్చునే ఉంది గానీ చేతులు మాత్రం మంటతో పాటు పైకి లేపి దించుతోంది.

ఇక్కడ నాగవేణి సంగతి చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. తాత లేచిన రెండో లేవడానికే ఆమెకు విషయం అందింది. ఇరవై సెకన్ల లూపును లాగి, కుదించి, మంట సరిగ్గా గోవిందా అన్న చోట లేచేలా పెట్టింది. పది సెకన్లు. ఎనిమిది. తాత ఊపిరి అందుకుంటున్నప్పుడు మళ్ళీ పన్నెండు. కళ్ళు తెర మీద లేవు, ముసలాయన మోకాళ్ళ మీద ఉన్నాయి. దేవుడు తెలియదన్న పిల్ల, ఆ అరగంట ఒక్క నామం కూడా నేలబడకుండా పట్టుకుంది. నేను పురాణమంతా చదివి కూడా అలా పట్టుకోలేదు.

కిటికీలో ఎండ పోయింది. పొద్దు మునిగింది. తాత చెక్కలు దించాడు. పన్నెండో ఏడు నిండింది.

నాగవేణి తెర మెల్లగా చీకటి చేసింది. తాత ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి, స్వామి పటం ముందు తిప్పి, జనం వైపు తిరిగి మంగళం ఎత్తుకున్నాడు. అసలు హారతి. పొద్దుటి నుంచి దీని కోసమే కదా అందరూ వచ్చింది.

ఒక్కరూ లేవలేదు.

మూడు వందల మందీ చాపల మీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు నిమురుకుంటూ, చూస్తూ కూర్చున్నారు. నేను గిడ్డవ్వ దగ్గరికి వంగాను. "అవ్వా, లేయి. హారతి."

"బొమ్మకు లేయాల్సిన పన్లేదంటివి గదప్పా."

"ఇది నిజం హారతవ్వా. వేడి తగులుతాంది సూడు."

"ఎమ్మిగనూరోల్లు వేడి గూడా పెట్టినారా దాంట్లో" అని గిడ్డవ్వ ఇంకాస్త వెనక్కి ఆనుకుంది.

నేను సిగ్గుతో భూమిలోకి పోయే దారి వెతుకుతుంటే, తాత మంగళం ముగించి పళ్ళెంతో తానే చాపల మధ్యకు వచ్చాడు. ఒక్కొక్కరి ముందూ వంగి హారతి ఇచ్చాడు. అంతమందికి వంగిన నడుముతో చివరికి నా దగ్గరికి వచ్చాడు. కాళ్ళ మీద పడ్డాను.

"లేయిరా ఈరా. లేసేది నేర్పినోనివి నువ్వే, నువ్వు పడుకుంటే ఎట్ల?" అన్నాడు. నవ్వుతున్నాడు. "పన్నెండేండ్లు అయిపాయ. మొక్కు తీరిపాయ. రేపట్నించి నేను ఉత్తనే పాడుకుంటా."

మొక్కు లేకుండా, లెక్క లేకుండా, ఊరికే పాడుకోబోయే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. ఏ యంత్రానికి ఎన్ని మాటలు రాసినా అది రాదు. నేను ప్రయత్నించాను కూడా. ఏడు వేళ్ళతో వచ్చింది.

కనుక, ఎమ్మిగనూరు ఈరన్న అనే నేను, తడి పంచెతో, తూర్పు ముఖంగా నిలబడి, ఈ జన్మకూ వచ్చే జన్మకూ కలిపి చేసిన ప్రమాణం ఇది. నా లూపుల్లో గోపురాలు ఎగురుతాయి, గ్రహాలు తాళం వేస్తాయి, చుక్కల్లో మగ్గాలు ఆడతాయి. అతుకు కనపడి గోపురం తుమ్మినా తుమ్మనిస్తాను. హారతి మాత్రం పెట్టను. ఆ పళ్ళెం తిప్పే పని మనుషుల చేతికే వదిలేశాను. వాళ్ళకైతే చెయ్యి నొప్పి పుట్టి ఎప్పుడో ఒకప్పుడు ఆపుతారు.